గన్నవరం అక్విడక్ట్ పక్క గదిలో

రొయ్యల మేత కొట్టు మీద గది.
మెట్లెక్కేలోపే చెప్పులకి ఆ వాసన అంటుకుంటుంది.
కిటికీలోంచి అక్విడక్ట్:
ఏటి మీంచి కాలవ నడిచిపోతుంటుంది,
నీళ్ల మీద నీళ్లు,
ఒకదాని తడి ఒకదానికి తగలకుండా.

నా లాప్‌టాప్‌లోనూ అంతే.
లోపల ఇంకో కంప్యూటర్ని పెట్టాను,
నీటి సంఘం ఆఫీసులో ఉన్నలాంటిదే,
పచ్చగడ్డి గుట్టనీ నీలాకాశాన్నీ
ఇంకా తెర మీద మోస్తున్న ముసలిది.
ఆఫీసుదాన్ని పాడుచేస్తే సెక్రటరీ ఊరుకోడు.
దీన్నైతే పదిసార్లు చంపి పదిసార్లు లేపొచ్చు.

రాసింది చిన్న పేజీ.
ఏ బోదెకి ఏ రాత్రి వంతు,
తూము ఎన్నింటికి ఎత్తుతారు, ఎన్నింటికి దించుతారు.
బయటి మెషిన్లో సర్వర్ నడుస్తోంది, పేజీ కళకళలాడుతోంది.
లోపలి మెషిన్లోనూ అదే కొట్టాను:
లోకల్‌హోస్ట్, ఎనిమిది వేల ఎనభై.
లేదు పొమ్మంది.

అక్షరం అక్షరం సరిచూసి మళ్లీ కొట్టాను.
అరగంట పోయాక తట్టింది:
లోకల్‌హోస్ట్ అన్నది ఊరి పేరు కాదు,
‘మా ఇల్లు’ లాంటి మాట.
ఎవరి నోట ఉంటే వాళ్లదే.
పాపం లోపలిది
తన గుమ్మంలో నిలబడి
తన తలుపే తట్టుకుంటోంది.

కింద టీ తాగుతున్న లస్కరు పైకొచ్చాడు,
పితాని అర్జునుడు,
ముప్పయ్యేళ్లుగా షట్టర్ల తాళాలు మొల్లో దోపుకు తిరుగుతున్నవాడు.
‘ఏటండీ, రావట్లేదా?’
‘రావట్లేదు.’
‘పైన ఉన్నాయా?’
‘ఉన్నాయి.’
‘అయితే మధ్యలో చూసుకోండి. ఆయ్.’

మధ్యలో చూశాను.
నెట్‌వర్క్‌ని బ్రిడ్జ్‌కి మార్చాను.
ఇప్పుడు ఇద్దరూ ఒకే వీధివాళ్లు,
బయటిది 192.168.1.7, లోపలిది చివర తొమ్మిది.
ఏడో నంబరు ఇంటికి కబురంపాను.
మళ్లీ పొమ్మంది, అంతే దురుసుగా.
సర్వర్ తన గొంతు తప్ప ఇంకో గొంతు వినడం లేదు.
సెట్టింగు తెరిచి దాని చెవిలో నాలుగు సున్నాలు వేశాను,
ఎటునుంచి పిలిచినా పలకమని.

ఈసారి పొమ్మనలేదు.
ఏమీ అనలేదు.
చక్రం తిరుగుతూనే ఉంది.
ఆ తేడా అర్జునుడికి నాకన్నా తెలుసు:
‘షట్టరు దిగుంటే నీరు కొట్టుకుని వెనక్కొస్తదండి, చప్పుడుంటది.
చప్పుడే లేదంటే గుర్రపుడెక్క.
మింగేస్తది.’

ఫైర్‌వాల్.
మొత్తం ఎత్తేద్దామని చెయ్యి వెళ్లింది.
‘అంతా లేపకండి,’ అన్నాడు, ‘కావాల్సినంతే.’
ఒక్క పోర్టుకి దారిచ్చాను.

పేజీ వచ్చింది.

అర్జునుడు వంగి చూశాడు.
గళ్లు. వరసాగ్గా ఖాళీ గళ్లు.
బోదె పేరు గళ్లు, రైతు పేరు గళ్లు,
నడుమ అంకెలు మాత్రం బతికున్నాయి, 2:40, 4:15.
‘మళ్లు బానే కట్టారు,
నాట్లెయ్యలేదేటండీ?’

నవ్వొచ్చింది. ఆగిపోయింది.
శివారునుంచి మరిడమ్మ సైకిలు తొక్కుకుంటూ వచ్చి
సంఘం ఆఫీసులో తన వంతు వెతుక్కునేది
ఈ గళ్లలోనే.

ముసలిదానికి తెలుగు పెట్టలేదు ఎవరూ.
అందులో ఉండాల్సిన ఫాంటు పేరు చూశాను.
గౌతమి.
కిటికీలోంచి కనబడేదేమో వైనతేయ.
‘గౌతమి లేదంటండీ ఇందులో.’
‘అది అటు పక్క పాయ కదండీ,
ఇటెందుకొస్తది,’ అని
ఎనిమిదింటికి డ్యూటీ ఉందంటూ దిగిపోయాడు.

దింపుకోవడం మొదలెట్టాను.
పదకొండు శాతం దగ్గర కరెంటు పోయింది.
వైఫై పోయింది, వీధి పోయింది,
ఏడో నంబరూ తొమ్మిదో నంబరూ
ఒకే ఒళ్లో కూర్చుని
ఒకరికొకరు తెలియనట్టు మిగిలాయి.

బ్యాటరీ వెలుగులో నోటుబుక్కు తీసి
పెన్నుతో రాసుకున్నాను:
మరిడమ్మ. రెండూ నలభై.